రెక్కల పాఠాలు – 7: సోలోలో పాటలు వినొచ్చా?

గత పాఠంలో రేడియోలో ఎలా మాట్లాడాలో చూశాం. ఈసారి వినడం గురించి, అదీ ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా విమానం నడిపే సోలోలో.

"అన్నా, సోలో పోయేటప్పుడు హెడ్‌సెట్‌కు ఫోన్ కలుపుకొని పాటలు పెట్టుకుంటే ఏమైతది? టెన్షన్ తగ్గుతది కదా" అని మిర్యాలగూడ తమ్ముడొకరు అడిగారు. బ్లూటూత్ హెడ్‌సెట్లు వచ్చాక ఈ సందేహం చాలామందికి వస్తోంది. నా జవాబు ముందే చెప్తాను: లైసెన్సు చేతికి వచ్చేదాకా వద్దు. పాట వల్ల ధ్యాస మళ్లుతుందని అందరూ చెప్పేదే, అది నిజమే. నేను అంతకన్నా ఎక్కువగా బాధపడేది వేరే సంగతికి. నేర్చుకునే రోజుల్లో మీ చెవికి విమానంలో ఏది మామూలు చప్పుడో, ఏది కాదో ఇంకా తెలియదు. అది తెలియాలంటే గంటల తరబడి వినాలి. ఆ గంటలు పాటకు ఇచ్చేస్తే ఫ్లయింగ్ గంటలు రాసుకునే లాగ్‌బుక్ నిండుతుంది గానీ చెవికి ఏమీ రాదు.

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో 100 గంటలు మీరే కెప్టెన్‌గా నడపాలి. ఆ ఫీజు కోసం పొలం అమ్ముకున్న ఇళ్లు నల్లగొండలోనూ పాలమూరులోనూ ఉన్నాయి. ఇన్‌స్ట్రక్టర్ చెప్పేది ఎంత పాఠమో ఇంజిన్ చెప్పేదీ అంతే పాఠం. రెండింటికీ డబ్బు కట్టింది మీ ఇంట్లోవాళ్లే.

ఇంజిన్ ఏం చెప్తుందో చూద్దాం.

మీరు మొదట నడిపే సెస్నా 152, 172 లాంటి విమానాల్లో ప్రొపెల్లర్ రెక్కల కోణం సాధారణంగా మారదు. దానివల్ల విద్యార్థికి ఒక పెద్ద లాభం ఉంది. ఇంజిన్ పవర్ పెంచి తగ్గించే థ్రాటిల్ ముట్టకుండా విమానం ముక్కు కొంచెం దిగనివ్వండి. వేగం పెరుగుతుంది, గాలి ప్రొపెల్లర్ మీద బరువు తగ్గిస్తుంది, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పెరుగుతుంది, ఇంజిన్ స్వరం సన్నగా పైకి లేస్తుంది. ముక్కు ఎత్తితే అదే స్వరం బరువెక్కి కిందికి దిగుతుంది. అద్దాల మీద గాలి రాసుకునే చప్పుడు కూడా దానితోపాటే పెరుగుతుంది, తగ్గుతుంది. అంటే మీరు బయటికి చూస్తూ పెద్దవూర, హాలియా ఎక్కడున్నాయో పోల్చుకుంటున్నప్పుడు కూడా విమానం దిగుతోందా ఎక్కుతోందా అన్నది చెవి చెప్తూనే ఉంటుంది. ఎత్తు చూపే ఆల్టిమీటర్ ముల్లు కదిలింది మీరు చూసేలోపే స్వరం మారి ఉంటుంది. బోరు పోసే చప్పుడు మారగానే నీళ్లు తగ్గాయని, గాలి వస్తోందని గట్టు మీద నుంచే చెప్పే రైతులను మీరు చూసే ఉంటారు. వాళ్లకు ఆ విద్య ఎవరూ బడిలో నేర్పలేదు, రోజూ విన్నారంతే.

రెండోది, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లో పట్టే మంచు. మన ఎండలకు మంచేంటి అనిపిస్తుంది. బయట 25 డిగ్రీలున్నా గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, ముఖ్యంగా పవర్ తగ్గించి దిగేటప్పుడు, కార్బురేటర్ గొంతులో మంచు పట్టొచ్చు. అక్కడ పెట్రోలు ఆవిరవుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, రెండూ కలిసి ఉష్ణోగ్రతను బాగా కిందికి లాగేస్తాయి. వానాకాలంలో సాగర్ జలాశయం మీదుగా ఎగిరేటప్పుడు ఈ మాట గుర్తుండాలి. మొదటి గుర్తు ఆర్‌పీఎం మెల్లగా తగ్గడం, ఆ తర్వాత ఇంజిన్ గరగరలాడటం. ఆ మెల్లగా తగ్గడాన్ని పట్టుకోవాల్సింది చెవే. ఇంకో మాట జాగ్రత్తగా వినండి. కార్బురేటర్‌కు వేడిగాలి పంపే కార్బ్ హీట్ మీట లాగగానే చప్పుడు బాగుపడదు. ముందు ఇంకా పాడవుతుంది. ఆర్‌పీఎం మరికొంత పడుతుంది, కరిగిన మంచు నీరై ఇంజిన్‌లోకి పోతుంటే అది దగ్గినట్టు అవుతుంది. ఆ తర్వాతే స్వరం పైకి లేస్తుంది. కొత్తవాళ్లు ఆ దగ్గు విని భయపడి హీట్ మళ్లీ లోపలికి నెట్టేస్తారు. సరిగ్గా అది చేయకూడనిది.

మూడోది స్టాల్ హార్న్. స్టాల్ అంటే రెక్క మరీ ఎక్కువ కోణంలో గాలికి ఎదురై విమానాన్ని మోసే బలం తగ్గిపోవడం, హార్న్ దాని ముందస్తు హెచ్చరిక. విద్యార్థులందరి కళ్లెదుటే ఉన్నా పెద్దగా ఎవరూ పట్టించుకోరు. సెస్నా 152 ఎడమ రెక్క ముందు అంచులో చిన్న రంధ్రం ఉంటుంది. రెక్క స్టాల్‌కు దగ్గరైనప్పుడు అక్కడ గాలి ఒత్తిడి తగ్గి, లోపలి హార్న్ గుండా గాలి గుంజుకుపోయి, అది కూస్తుంది. స్టాల్ వేగానికి 5 నుంచి 10 నాట్ల (విమాన వేగానికి కొలత) ముందే మొదలవుతుంది. దీనికి కరెంటు అక్కర్లేదు. ఎగరకముందు చేసే తనిఖీలో (ప్రీఫ్లైట్) శుభ్రమైన చేతిరుమాలు ఆ రంధ్రం మీద వేసి, నోరు పెట్టి గాలి లోపలికి పీల్చండి. హార్న్ మోగాలి. రోజూ పొద్దున ఇలా చేస్తే ఆ కూత చెవిలో నాటుకుపోతుంది. గాలిలో అది నిజంగా మోగిన రోజు ఆలోచించాల్సిన పని ఉండదు, చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది.

పాటల వాదన వీగిపోయేదీ ఇక్కడే. "మా హెడ్‌సెట్‌లో రేడియో వస్తే పాట దానంతటదే ఆగుతుంది" అంటారు. నిజమే, చాలా హెడ్‌సెట్లలో, కొత్త ఆడియో ప్యానెళ్లలో ఆ ఏర్పాటు ఉంది. కానీ అది రేడియోను, కాక్‌పిట్‌లోని మాటలను హెడ్‌సెట్లకు చేర్చే ఇంటర్‌కమ్‌ను మాత్రమే గుర్తుపడుతుంది. స్టాల్ హార్న్ కూత వైరు గుండా రాదు, క్యాబిన్ గాలిలోంచి వస్తుంది. ఇంజిన్ గరగరా అంతే. ఇంజిన్ ఇబ్బందిలో ఉందని ఏ బ్లూటూత్‌కూ తెలియదు, కాబట్టి పాట ఆగదు. బయటి హోరును తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌సెట్ అయితే ఇంకా చిక్కు. హోరుతోపాటు హెచ్చరికలూ పలచబడతాయి. కాక్‌పిట్‌లోని కొన్ని హెచ్చరికలు ఇలాంటి హెడ్‌సెట్లతో వినపడకపోవచ్చని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ కూడా పైలట్లకు చెప్పింది.

ఆ ఆటోమేటిక్ ఏర్పాటులో ఇంకో లోపం ఉంది. కంట్రోలర్ మాట అయిపోగానే పాట తిరిగి మొదలవుతుంది. మీరు అప్పుడేం చేస్తుంటారు? ఆయన చెప్పిన హెడింగ్ (వెళ్లాల్సిన దిక్కు), ఎత్తు, క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటర్‌లో పెట్టాల్సిన గాలి పీడనం) అంకెలను మనసులో అనుకుంటూ పట్టి ఉంచుకుంటుంటారు. మాటలున్న పాట సరిగ్గా ఆ చోటికే వచ్చి దూరుతుంది. అంకెలను వరసగా గుర్తుపెట్టుకునే పనికి ఉత్త వాయిద్యం కన్నా మాటలున్న పాట ఎక్కువ అడ్డమని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980లలోనే ప్రయోగాలు చేసి చూపించారు.

"నేను పాట మీద ధ్యాస పెట్టను, ఊరికే మోగుతుంటుంది" అనేవాళ్లకు ఒక ప్రమాదం గురించి చెప్పాలి. 1972 డిసెంబర్ 29 రాత్రి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానం మయామి దగ్గర ల్యాండింగ్‌కు వస్తోంది. ముందు చక్రం దిగిందని చూపించే చిన్న బల్బు వెలగలేదు. 2,000 అడుగుల దగ్గర ఆటోపైలట్‌కు అప్పజెప్పి అందరూ ఆ బల్బు మీద పడ్డారు. ఎత్తును నిలబెట్టే పట్టు తమకు తెలియకుండానే ఊడిపోయి విమానం మెల్లగా దిగసాగింది. ఎత్తు మారిందని కాక్‌పిట్‌లో గంట మోగింది. రికార్డర్‌లో ఆ శబ్దం ఉంది. దాన్ని పట్టించుకున్న మాట మాత్రం ఒక్కటీ లేదు. 176 మందిలో 101 మంది పోయారు. అక్కడ పాట లేదు, కొత్తవాళ్లూ లేరు. మనసు ఒకదాని మీద పడితే చెవిన పడిన శబ్దం కూడా లోపలికి పోదని ఆ రాత్రి చెప్తుంది. అనుభవజ్ఞులకే అలా జరిగితే, మొదటి సోలోలో ఉన్న మీ మనసులో ఖాళీ ఎంత ఉంటుందో మీరే చూసుకోండి.

రెండేళ్లకు, 1974లో, అదే సంస్థ ఇంకో విమానం షార్లట్ దగ్గర కూలింది. దిగే సమయంలో పైలట్లు రాజకీయాలు, పాత కార్ల ముచ్చట్లలో ఉన్నారు. అలాంటి ప్రమాదాల తర్వాత 1981లో అమెరికాలో నిబంధన వచ్చింది: ఎయిర్‌లైన్ విమానం నేల మీద కదులుతున్నప్పుడు, టేకాఫ్, ల్యాండింగ్‌లలో, 10,000 అడుగుల లోపు ఎగిరేటప్పుడు పైలట్లు విమానం పని తప్ప వేరే ముచ్చట పెట్టకూడదు. ఒకే ఎత్తులో నిలకడగా సాగే ప్రయాణానికి (క్రూజ్) మాత్రమే సడలింపు. దాన్నే స్టెరైల్ కాక్‌పిట్ అంటాం. నాగార్జునసాగర్ చుట్టుపక్కల సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి దిగే రౌండ్లు), స్టాల్ ప్రాక్టీసు చేసే ట్రైనింగ్ విమానం 10,000 అడుగుల ముఖమే చూడదు. ఆ లెక్కన విద్యార్థి ఫ్లైట్ మొదటి నుంచి చివరిదాకా ఆ నిశ్శబ్దంలోనే ఉండాలి. చట్టం ఎవరికోసం రాసినా, అందులోని తెలివిని మీరు తీసుకోండి.

చెవిని మరీ నమ్మేయమనీ చెప్పను. మే నెలలో 42 డిగ్రీల ఎండలో మధ్యాహ్నం టేకాఫ్ చేస్తే ఇంజిన్ చప్పుడు మామూలుగానే అనిపిస్తుంది, విమానం మాత్రం ఎక్కనని మొరాయిస్తుంది. పలచబడిన గాలిని చెవి పట్టలేదు. అక్కడ వేగం చూపే మీటరు, ఎంత వేగంగా ఎక్కుతున్నామో చూపే వీఎస్‌ఐ చూడాల్సిందే.

ఇక టెన్షన్ మాట. అది నిజమైన ఇబ్బంది, తీసిపారేయను. పక్క సీటు ఖాళీ అయ్యాక గుండె దడదడలాడటం అందరికీ ఉంటుంది. దానికి మందు మీ గొంతే. ఇంటర్‌కమ్‌లో మీకే వినపడేలా పైకి మాట్లాడండి: "స్పీడ్ 65, ఫ్లాప్స్ దించాను, రన్‌వే ఖాళీగా ఉంది." ఇంగ్లిష్‌లో చెప్పుకోండి, తెలుగులో చెప్పుకోండి, మీ ఇష్టం. మాట్లాడితే ఊపిరి నెమ్మదిస్తుంది, యోక్ (విమానం స్టీరింగ్) మీద పట్టు సడలుతుంది, మరిచిపోయినది బయటపడుతుంది. పాటలు ఎయిర్‌ఫీల్డ్‌కు వెళ్లే బస్సులో వినండి, దిగాక కడుపు నిండా వినండి.

ఈ వారం అభ్యాసం. ఇంకా ఫ్లయింగ్ మొదలుపెట్టనివాళ్లు ఇంట్లో చేయొచ్చు. తమ్ముడినో అక్కనో పక్కన కూర్చోబెట్టి, ఒక కాగితం మీద ఇలాంటివి పది రాసివ్వండి: "టర్న్ లెఫ్ట్ హెడింగ్ జీరో ఫోర్ జీరో, డిసెండ్ టు టూ తౌజండ్ ఫైవ్ హండ్రెడ్ ఫీట్, క్యూఎన్‌హెచ్ వన్ జీరో జీరో సిక్స్." అంకెలు మార్చేది వాళ్లే, మీకు ముందు తెలియకూడదు. వాళ్లు ఒక్కసారే, ఆగకుండా చదవాలి. మీరు రాసుకోకుండా తిరిగి చెప్పాలి. ఐదు నిశ్శబ్దంలో, ఐదు మీకు నోటికి వచ్చిన తెలుగు పాట చిన్నగా మోగుతుండగా. ఏ అంకె జారిందో వాళ్లే గుర్తుపెట్టాలి. క్యూఎన్‌హెచ్ జారిందేమో ముఖ్యంగా చూడండి. అది తప్పితే ఆల్టిమీటరే తప్పు చూపిస్తుంది. ఒక్క హెక్టోపాస్కల్ తేడాకు దాదాపు 27 అడుగులు. 1006ను 1016 అని పెట్టుకుంటే మీరు అనుకున్నదానికన్నా సుమారు 270 అడుగులు కింద ఎగురుతుంటారు. మన గుట్టల మీద అది చిన్న సంగతి కాదు. ల్యాప్‌టాప్‌లో సిమ్యులేటర్ ఆడేవాళ్లు ఇంజిన్ శబ్దం తగ్గించి పాటలు పెట్టే అలవాటు ఇవ్వాళే మానండి.

ఫ్లయింగ్ చేస్తున్నవాళ్లకు రెండు పనులు. మొదటిది, ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చే రెండు మాగ్నెటోలను ఒక్కొక్కటిగా పరీక్షించే మాగ్నెటో చెక్‌లో. 152లో 1,700 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో మాగ్నెటో తీసినప్పుడు తగ్గుదల 125 దాటకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. కీ తిప్పగానే ఎంత తగ్గిందో ముందు చెవితో అంచనా కట్టి నోటితో చెప్పండి, తర్వాత ఆర్‌పీఎం చూపే టాకోమీటర్ చూడండి. రెండోది ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉన్నప్పుడే, ఆయన ఒప్పుకుంటేనే, ప్రాక్టీస్ ఏరియాలో క్షేమమైన ఎత్తులో. టాకోమీటర్ మీద చిన్న కాగితం అతికించమనండి. 2,300 ఆర్‌పీఎం చెవితో పెట్టండి. కాగితం తీశాక ఎంత తప్పారో లాగ్‌బుక్ పక్కన ఓ నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి.

లైసెన్సు వచ్చాక? పొడవాటి క్రాస్‌కంట్రీలో, క్రూజ్‌లో, వాతావరణం బాగున్నప్పుడు, మాటల్లేని సంగీతం తక్కువ శబ్దంతో పెట్టుకుంటే నేను తప్పు పట్టను. దిగాల్సిన చోటికి 20 నాటికల్ మైళ్ల ముందే ఆపేయాలి. మీ స్కూల్ మాన్యువల్ పూర్తిగా వద్దంటే, ఆ మాటే చెల్లుతుంది.

వచ్చే పాఠం సర్క్యూట్‌లో బేస్ లెగ్ గురించి. ఆ నోట్‌బుక్, ఒక స్కేలు దగ్గర పెట్టుకోండి.