సాఫ్ట్‌వేర్ కాపీరైట్ నమోదు: దరఖాస్తు నుంచి అభ్యంతరాల విచారణ దాకా

మన చట్టం దృష్టిలో సాఫ్ట్‌వేర్ కూడా సాహిత్యమే. 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను, డేటాబేసులను కథలు, నవలల సరసన కూర్చోబెట్టింది. కాబట్టి దరఖాస్తులో సాహిత్య కృతి అనే విభాగాన్నే ఎంచుకోవాలి. కోడ్ రాయడంతోనే హక్కు వస్తుంది, నమోదు తప్పనిసరి కాదు. అయితే గొడవ కోర్టుకెక్కినప్పుడు రిజిస్టరులోని వివరాలను ప్రాథమిక సాక్ష్యంగా, అంటే తప్పని రుజువయ్యేదాకా నిజమేనని తీసుకుంటారు. 500 రూపాయల రుసుముకు ఇది చవక బేరమే.

కాపీరైట్ కార్యాలయం వెబ్‌సైటులో ఖాతా తెరిచి ఫారం 14 నింపాలి. సోర్స్ కోడ్‌లో, అంటే ప్రోగ్రామరు రాసిన అసలు కోడ్‌లో, మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు ఇస్తే చాలని 2021లో నిబంధన మార్చారు. మొత్తం 20 పేజీల లోపే ఉంటే అంతా ఇవ్వాలి. ఏ వరుసనూ నల్లరంగు పూసి దాచకూడదు. ఆ పేజీల్లో ఎక్కడో పాస్‌వర్డు రాసి మరచిపోయి ఉంటారు, పంపే ముందు దాన్ని మార్చుకోండి.

అసలు చిక్కంతా యజమాని పేరు రాసే దగ్గరే. ఉద్యోగి తన విధుల్లో భాగంగా రాసిన కోడ్, వేరే ఒప్పందం లేకపోతే, సంస్థకే చెందుతుంది. కిరాణా కొట్ల బిల్లింగ్ యాప్‌ను బయటి ప్రోగ్రామరుతో రాయించుకున్నారనుకుందాం. డబ్బంతా చెల్లించినా, హక్కులు బదిలీ చేస్తూ సంతకం చేసిన పత్రం లేనిదే కాపీరైట్ ఆ ప్రోగ్రామరుదే. చెల్లింపు రసీదు బదిలీ పత్రం కాదు. రచయిత వేరు, దరఖాస్తుదారు వేరు అయితే రచయిత నుంచి నిరభ్యంతర పత్రం జతచేయాలి. ఈ కాగితం లేకుండా ఎంత పెద్ద లాయరును పెట్టుకున్నా పని నడవదు.

న్యాయవాది ద్వారా దాఖలు చేస్తే మీరు సంతకం చేసి, ఆయన అంగీకరించిన వకాలత్నామా (మీ తరఫున పని చూసే అధికారం ఇచ్చే పత్రం) కావాలి.

దరఖాస్తుకు కార్యాలయం ఇచ్చే డైరీ నంబరు వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. మీ హక్కును కాదనేవారు ఉన్నారని తెలిస్తే, వారికి నోటీసు పంపే బాధ్యత మీదే. ఆ పని దాటవేస్తే తర్వాత అదే మీకు ఎదురుతిరుగుతుంది. అభ్యంతరం వస్తే రిజిస్ట్రారు ఇరుపక్షాల వాదన వింటారు, న్యాయవాది అవసరం నిజంగా పడేది ఇక్కడే. ఆయన ఉత్తర్వు నచ్చకపోతే 3 నెలల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

కోడ్ కాజేసినవారిపై దావా మాత్రం వేరే సంగతి. మీరు నివసించే లేదా వ్యాపారం చేసే ఊరు ఏ కోర్టు పరిధిలోకి వస్తే అక్కడే వేసే వీలు చట్టంలోని 62వ సెక్షన్ కల్పించింది.