మండలంలో ఎవరు ఏ పని చేస్తున్నారు: సర్కారు లెక్కల్లోంచి తీసే పద్ధతి

"నెల్లూరు జిల్లాలో వ్యవసాయ కూలీలు ఎంతమంది?" అని ఎవరైనా అడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఏ నెల్లూరు అన్నది. 2011 జనగణనలో 29,63,557 మంది ఉన్న ఆ జిల్లా అదే హద్దులతో ఇప్పుడు లేదు. 2022 ఏప్రిల్ 4న సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు మండలాలు తిరుపతి జిల్లాకు పోయాయి. కందుకూరు, గుడ్లూరు, ఉలవపాడు లాంటివి ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చాయి. ప్రకాశానిదీ అదే కథ. 2011లో దాని జనాభా 33,97,448, 2022లో చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్లలో కలిశాయి. అందుకే జిల్లా మొత్తాన్ని ఎత్తి రాయొద్దు. ఇప్పటి జిల్లాలో ఏయే మండలాలున్నాయో గెజిట్లు చూసి (2022 తర్వాత వచ్చినవి కూడా, హద్దులు మళ్లీ మారాయి) రాసుకుని, 2011 అంకెలను మండలం మండలంగా కూడుకోవాలి.

ఇందుకు కావాల్సింది సెన్సస్ వెబ్‌సైట్‌లోని ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ (ఊరూరా జనాభా, పనివాళ్ల సంఖ్య ఇచ్చే పట్టిక), గ్రామాల స్థాయిది. ఎక్సెల్‌లో తెరవగానే కాలమ్ మొత్తం పట్టి కూడేయొద్దు. జిల్లా వరస, మండలం వరస, గ్రామం వరస అన్నీ ఒకే షీటులో ఉంటాయి, పైగా మొత్తం, గ్రామీణ, పట్టణ అని విడి వరసలు. అలా కూడితే ఒకే మనిషి మూడు నాలుగుసార్లు పడతాడు. లెవెల్ కాలమ్‌లో ఫిల్టరు పెట్టి గ్రామాలు, పట్టణాలు మాత్రమే ఉంచండి. ఊరిని పేరుతో కాక కోడ్‌తో పట్టుకోండి, ఒకే పేరున్న ఊళ్లు ఎక్కువ. చివర్లో ఒక సరిచూపు: ప్రధాన శ్రామికులు, ఉపాంత శ్రామికులు (వీళ్లెవరో కింద చెప్తాను), పనిచేయనివాళ్లు, ఈ మూడూ కలిపితే జనాభా రావాలి. ఒక్క మనిషి తేడా వచ్చినా ఏదో కాలమ్ తప్పినట్టే. ఫిల్టరు సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే, కూడిన జనాభా మండలం వరసలో ఉన్న మొత్తంతో సరిపోవాలి.

మీ ఊరు జాబితాలో కనపడకపోతే కంగారు పడక్కర్లేదు. సెన్సస్‌కు ఊరంటే రెవెన్యూ గ్రామం, పంచాయతీ కాదు. తీరం వెంబడి పట్టపుపాళేల్లో (జాలర్ల ఊళ్లలో) చాలావాటికి విడి వరస ఉండదు, వాటి జనం అసలు రెవెన్యూ గ్రామంలో కలిసిపోయి ఉంటారు.

ఇక గడులు. సెన్సస్ పనివాళ్లను నాలుగు గడుల్లో పెడుతుంది: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, కుటుంబ పరిశ్రమ, ఇతరులు. కౌలుకు చేసేవాళ్లూ సాగుదారులే, భూమి పేరున ఉండక్కర్లేదు. నిమ్మతోట సొంతంగా చూసుకునే రైతు సాగుదారు. పొగాకు చేలో కూలికి పోయే మనిషి వ్యవసాయ కూలీ, అదే మనిషి కంపెనీ షెడ్డులో గ్రేడింగ్‌కు పోతే 'ఇతరులు'. చీమకుర్తి గ్రానైట్ క్వారీ కూలీ కూడా 'ఇతరులు'. తీరం మండలాలవాళ్లు ఎక్కువగా పొరబడేది రొయ్యల గుంటల దగ్గర: చేపలు, రొయ్యల పని వ్యవసాయంలోకి రాదు, 'ఇతరుల్లో'కి పోతుంది. గుంటలు పెరిగిన ఊళ్లో 'ఇతరులు' ఉబ్బితే ఊరు పట్నమైందని రాసేయకండి.

ఆరు నెలలు లేదా అంతకన్నా ఎక్కువ పని ఉంటే ప్రధాన శ్రామికులు, తక్కువైతే ఉపాంత శ్రామికులు. ఈ గీత ఆడవాళ్ల దగ్గర ఎలా పనిచేస్తుందో ఒక ఊహాచిత్రం చూడండి. ఇందుకూరుపేట వైపు ఒకామె ఏడాదిలో నాట్లు, కలుపు, కోతలకు 60 రోజులు, రొయ్యల షెడ్డులో తలలు తీయడానికి 70 రోజులు పోతుంది. మొత్తం 130 రోజులు, కాబట్టి ఉపాంత శ్రామికురాలు. ఇంట్లో గేదె ఉంటే? పాలు ఇంటివరకే అయినా పాల ఉత్పత్తిని సెన్సస్ పనిగానే లెక్కిస్తుంది. ఎన్యూమరేటర్ (ఇంటింటికీ వచ్చి వివరాలు రాసుకునే మనిషి) ఆ ఒక్క ప్రశ్న అడిగాడా లేదా అన్నదాన్నిబట్టి ఆమె ప్రధాన శ్రామికురాలు కావచ్చు. పక్క పక్క ఊళ్లలో ఆడవాళ్ల ఉపాంత సంఖ్య పొంతన లేకుండా ఉంటే ముందు ఇదే అనుమానించండి.

ఇదే ఆమెను, గేదె లేదనుకుని, పీఎల్ఎఫ్ఎస్‌లో (కేంద్రం చేసే శ్రామిక బలగ సర్వేలో) పెట్టండి. 2017లో మొదలైన ఈ సర్వే ఒకే మనిషిని రెండు రకాలుగా చూస్తుంది. ఏడాది లెక్కలో ఎక్కువ కాలం ఇంటిపని కాబట్టి ఆమె ప్రధాన స్థితి కోడ్ 92. కానీ 30 రోజులకు మించి కూలి చేసింది కాబట్టి అనుబంధ స్థితి కోడ్ 51, రెండూ కలిపిన లెక్కలో పనిలో ఉన్నట్టే. వారం లెక్కలో అలా కాదు. గడిచిన 7 రోజుల్లో ఒక్క రోజు ఒక్క గంట పనిచేసినా పనిలో ఉన్నట్టు. కోతలు అయిపోయి ఎడగారు (రెండో పంట) నాట్లు మొదలుకాని వారంలో సర్వేవాళ్లు వస్తే, ఆమె పని వెతకడం లేదు, దొరికితే చేస్తాననీ చెప్పకపోతే శ్రామిక బలగంలోంచే (పనిలో ఉన్నవాళ్లు, పని వెతికేవాళ్లు లేదా దొరికితే చేస్తామనేవాళ్లు కలిసిన లెక్కలోంచే) బయటపడుతుంది. నిరుద్యోగి కాదు! పనులు లేని నెలలో నిరుద్యోగ రేటు పెరగకపోవడానికి ఇదొక కారణం. అందుకే ఆ రేటు ఒక్కటే చూడకుండా పక్కన శ్రామిక భాగస్వామ్య రేటు (ఆ బలగం జనాభాలో ఎంత శాతమో) కూడా పెట్టుకోవాలి.

రేట్ల హారం దగ్గర మరో తప్పు. ఊహకు 1,000 మంది ఊరు, 15 ఏళ్లు దాటినవాళ్లు 700, పనిలో ఉన్నవాళ్లు 400, పని వెతికేవాళ్లు 20. నిరుద్యోగ రేటు 20ని 420తో భాగిస్తే వచ్చే 4.8 శాతం, 700తో కాదు. పని రేటు 15 దాటినవాళ్లలో 57 శాతం. సెన్సస్ పట్టికలో చంటిపిల్లలతో సహా మొత్తం జనాభా హారం కాబట్టి అదే ఊరికి 40 శాతం కనిపిస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి "పని పెరిగింది" అని రాసిన రిపోర్టులు తరచూ కనపడుతుంటాయి.

పీఎల్ఎఫ్ఎస్ నుంచి మండలం అంకె తీయాలని చూడకండి. 2025 జనవరి నుంచి శాంపిల్ పెరిగి దేశమంతా 2,72,304 ఇళ్లయింది, నెలనెలా బులెటిన్ కూడా వస్తోంది. అయినా ఎంపికైన ఒక్కో గ్రామంలో, పట్టణ బ్లాకులో 12 ఇళ్లే. మీ మండలంలో ఒక్క ఊరూ పడి ఉండకపోవచ్చు. యూనిట్ డేటా (ఒక్కో మనిషి వివరాల వరసలు) దించుకున్నా, వెయిట్లు (ఒక్కో వరస ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు) వేయకుండా వరసలు లెక్కపెడితే వచ్చేది జనాభా అంచనా కాదు, సర్వే చేసిన మనుషుల సంఖ్య. మండలానికి సెన్సస్, రాష్ట్రంలో ఏడాదికేడాది మార్పుకు పీఎల్ఎఫ్ఎస్, అలా వాడుకోవడం మేలు.

ఉపాధి హామీ పనిదినాలను మనుషులుగా మార్చొద్దు. 3,000 పనిదినాలంటే 30 మందికి 100 రోజులు కావచ్చు, 300 మందికి 10 రోజులూ కావచ్చు.

పట్టిక కింద నాలుగు ముక్కలు తప్పకుండా రాయండి: ఏ సంవత్సరం, ఏ హద్దులు, ఏ వయసువాళ్లు, ఏడాది లెక్కా వారం లెక్కా. తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ అంకెలు వచ్చినప్పుడు మీ మండలాల జాబితా, గ్రామ కోడ్‌లు సిద్ధంగా ఉంటే 2011తో పోల్చడం ఒక పూట పని.