ఎగువన లేఅవుట్ పడిందా? వానలు ముదరకముందే ఇవి చూసుకోండి

2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను రాత్రి మా వీధిలో నీళ్లు గేటు దాకా వచ్చి ఆగిపోయాయి. గత ఏడాది అంతకన్నా చాలా చిన్న వానకే హాల్లోకి వచ్చేశాయి. సోఫా కాళ్ల మీద బురద గీత ఇప్పటికీ ఉంది. తుడుస్తానంటే మా ఆవిడ ఒప్పుకోదు, సాక్ష్యం ఉండనివ్వమంటుంది.

ఈ మధ్యలో జరిగింది ఒక్కటే. మాది విశాఖలో పెందుర్తి వైపు, ఒక చెరువుకు దిగువన ఉన్న కాలనీ. చెరువు పక్కనున్న పల్లాన్ని ఎర్రమట్టితో నాలుగడుగులు ఎత్తు లేపి లేఅవుట్ వేశారు. ఆ పల్లాన్ని ఊళ్లో పెద్దవాళ్లు ఆవ అనేవాళ్లు, కొండకర్ల ఆవ అంటామే, ఆ ఆవే. తుంగ, జమ్ము, నాలుగు కలువలు, పొద్దున్నే కొంగలు. చూసేవాళ్లకి దేనికీ పనికిరాని నేల. కొండల మీంచి దిగిన వాననీరు ముందు అందులో పరుచుకుని, తర్వాత మెల్లగా చెరువులోకి, అక్కణ్ణుంచి అలుగు (చెరువు నిండితే నీరు పొర్లిపోయే కట్టు) మీదుగా గెడ్డలోకి, అంటే వాగులోకి పోయేది. ఎకరం పల్లంలో అడుగు లోతు నీరు నిలిస్తే 12 లక్షల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 240. పది ఎకరాలు పూడిస్తే 2,400 ట్యాంకర్ల నీరు ఆగే చోటు లేక దిగువకి, మన వీధుల్లోకి వస్తుంది.

విశాఖలో అసలు భయం జూన్ వానలతో కాదు, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వచ్చే వాయుగుండాలతో. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. కాబట్టి వినాయక చవితి లోపు కింది పనులు అయిపోవాలి.

అన్నిటికన్నా ముందు గెడ్డ వెంట నడవండి. అలుగు దగ్గర మొదలుపెట్టి మీ వీధి దాటే దాకా, చేతిలో టేపు పట్టుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి. మేం నడిచినప్పుడు దొరికింది ఇదీ: పన్నెండడుగుల వెడల్పు, ఐదడుగుల లోతున్న గెడ్డ మీద లేఅవుట్ వాళ్లు రోడ్డు వేసి, కింద మూడడుగుల సిమెంటు పైపులు రెండు పెట్టారు. గెడ్డ అడ్డుకోత 60 చదరపు అడుగులు. రెండు పైపులదీ కలిపి 14. నాలుగో వంతు కూడా లేదు. దానికి తోడు పైపు మూతికి గుర్రపుడెక్క, కొబ్బరి మట్టలు, సిమెంటు సంచులు. మిగిలిన దారెంతో మీరే ఊహించుకోండి. ఈ కొలతలు రాసి, ఫొటోలు పెట్టి వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఉత్త "ముంపు సమస్య" అని రాస్తే ఆ కాగితం ఫైల్లో పడి ఉంటుంది. 60కి 14 అని రాస్తే ఇంజినీరు ఒకసారైనా వచ్చి చూడాల్సి వస్తుంది, మా దగ్గరికి వచ్చారు. పైపు మూతులు మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా పొక్లెయినుతో శుభ్రం చేయించుకోండి. ఇంటికి ఇంత అని వేసుకుంటే పెద్ద ఖర్చేం కాదు. అంతేగానీ కోపం కొద్దీ రాత్రిపూట లేఅవుట్ గట్టుకు గండి కొట్టకండి. కేసు మన మీదకే వస్తుంది.

పాత నీటి మట్టం ఎంతో తెలియాలంటే ముసలివాళ్లనే అడగాలి. మాకు పాలు పోసే మామ్మని అడిగితే, "ఆ మర్రిమాను మొదలు దాకా నీరొచ్చీసేది బాబూ, గేదెల్ని గట్టెక్కించీవాళ్లం" అంది. ఆ మర్రి మొదలూ మా ఇంటి గడపా ఒకే మట్టంలో ఉన్నాయని లెవెల్ ట్యూబుతో (మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టం) చూస్తే తేలింది. ఇల్లు కొన్న రోజున ఈ మాట అడగాల్సింది.

తర్వాత చూడాల్సింది గోడ. ఎత్తు లేపిన లేఅవుట్ మట్టి జారకుండా కట్టిన గోడ మీ పెరటిని ఆనుకుని ఉంటే, దానికి నీరు కారే రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే వెనకాల నానిన మట్టి బరువంతా గోడ మీదే. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు వానకు గోడ కూలి ప్రాణాలు పోయిన సంగతి విశాఖలో ఎవరూ మర్చిపోలేదు. గోడ పొట్ట ఉబ్బినా, కొత్తగా అడ్డంగా బీట తీసినా ఆ వైపు గదిలో పడుకోవడం మానేయండి. పనివాళ్ల షెడ్డు ఆ గోడ పక్కనే ఉంటే వాళ్లకీ చెప్పండి.

ఇంట్లో పనులు అందరికీ తెలిసినవే, కానీ మూడు మర్చిపోతారు. ఇన్వర్టర్ బ్యాటరీ నేల మీదే ఉంటుంది, దాన్ని బల్ల ఎక్కించండి. సెప్టిక్ ట్యాంకు నిండుగా ఉంటే వరద నీటికి బాత్రూమ్‌లోంచి వెనక్కి తంతుంది, ముందే ఖాళీ చేయించండి. బోరు మూతి నేల మట్టంలో ఉంటే కేసింగ్ పైకి లేపించండి. ముంపు దిగాక ఆ నీళ్లు పరీక్ష చేయించేదాకా తాగొద్దు.

ఆవ పూడ్చితే అందులో ఉండేవి ఎక్కడికి పోతాయి? మన మెట్ల కిందకే. మాకు వచ్చినవాటిలో ఎక్కువ నీరుకట్టు పాములే, వాటికి విషం ఉండదు. కానీ ఒకసారి రక్తపింజర చెప్పుల స్టాండు వెనక కనబడింది. కాటేస్తే కట్లు కట్టడం, కోయడం, మంత్రాలు, ఇవేవీ వద్దు. కాలు కదపనివ్వకుండా కేజీహెచ్‌కో (విశాఖ పెద్దాసుపత్రి), విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రికో తీసుకెళ్లండి.

ఇక కాగితాలు. ఇక్కడ చాలామంది తప్పు చోట పోట్లాడతారు. "చెరువు పక్కన కట్టడమే చట్టవిరుద్ధం" అని అర్జీ పెడితే నిలవదు. 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువైతే 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కన్నా వెడల్పున్న గెడ్డకి 9 మీటర్లు, అంతలోపు గెడ్డకి 2 మీటర్లు. కాబట్టి తేల్చాల్సింది హద్దు ఎక్కడ అన్నదే. సర్వే ఆఫీసులో ఆ సర్వే నంబరు ఎఫ్ఎంబీ స్కెచ్ (పొలం కొలతల పటం), అడంగల్ (భూమి వివరాల రికార్డు) తీసుకోండి. గెడ్డ పోరంబోకు (ప్రభుత్వ భూమి) అని ఉందా, జిరాయితీ (సొంత పట్టా భూమి) అని ఉందా చూడండి. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో ఉందేమో కూడా చూడండి. 2017లోనే వచ్చిన చిత్తడి నేలల నియమాలు ఆక్రమణల్ని, పూడ్చడాన్ని నిషేధిస్తాయి, నిజమే. కానీ తాగునీటికో సాగుకో మనుషులు తవ్విన చెరువులకి అవి వర్తించవు. మా చెరువు అలాంటిదే. ఆ సంగతి తెలియక మేం ఆరు నెలలు వృథా చేసుకున్నాం.

ఆరు నెలలంటే గుర్తొచ్చింది. హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లాలనుకుంటే వివాదం మొదలైనప్పటి నుంచి ఆరు నెలల గడువే, గట్టి కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. మన బెంచి చెన్నైలో ఉంది. మట్టి మొదటి లారీ దిగిన రోజు ఫొటో తీసి తేదీతో దాచుకోండి. అనుమతి పొందిన లేఅవుట్ ప్లాను, వాననీటి కాలువల ప్లాను సమాచార హక్కు కింద అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చే అర్జీకి ఈ కాగితాలు జత చేస్తేనే బరువు. ప్లాట్లు కొన్నవాళ్లతో మాత్రం గొడవ పెట్టుకోకండి. వాళ్లవీ ఈఎంఐలే, రేపు ఆ పైపులు పూడిపోతే వాళ్ల రోడ్డే ముందు కొట్టుకుపోతుంది. మా అర్జీ మీద వాళ్లలో కొందరు సంతకం పెట్టారు.

ఇంటికి బీమా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. భారత్ గృహ రక్ష పాలసీలో వరద, తుఫాను రెండూ ఉంటాయి. వాయుగుండం పడిందని తెలిశాక పరిగెత్తితే లాభం ఉండదు. నీళ్లలో మునిగిన కారుని స్టార్ట్ చేయకండి. ఇంజిన్ పోతే మామూలు పాలసీలో క్లెయిమ్ రావడం కష్టం.

వాన రాత్రి గెడ్డ మీది ఆ పైపుల రోడ్డు మీద ఎవరూ నిలబడకూడదు. పైనుంచి బాగానే కనిపిస్తుంది, కింద మట్టి కోసుకుపోయి ఉంటుంది. వీధిలోకి నీరు రాగానే మెయిన్ ఆపేయండి, తీగ తెగితే కరెంటు వాళ్ల నంబరు 1912కి చెప్పండి. మేఘాద్రి గెడ్డ రిజర్వాయరు మట్టం 61 అడుగులకు దగ్గరైందంటే గేట్లు ఎత్తుతారు, ఆ కబురు కోసం దిగువ కాలనీలవాళ్లు ఓ చెవి అటు వేసి ఉంచాలి. మా వీధిలో ఈసారి రాత్రి కాపలాకి రెండు జట్లు వేశాం, పన్నెండు దాకా ఒకటి, తెల్లారే దాకా ఇంకొకటి. రెండో జట్టులో నా పేరుంది. టార్చిలైటుకి బ్యాటరీలు ఇంకా కొనలేదు.