ఎండాకాలంలో పార్కిన్సన్స్ వాళ్ల వ్యాయామం: జీన్ రిపోర్టు కన్నా ముందు చూసుకోవాల్సినవి

మార్చి దాటగానే పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్న పెద్దవాళ్ల వాకింగ్ టైము ముందుకు జరుగుతుంది. ఎండ ఎక్కకముందే వచ్చేయాలని ఐదింటికే చెప్పులు వేసుకుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. రాత్రి వేసుకున్న లెవోడోపా (ఈ జబ్బుకు వాడే ముఖ్యమైన మాత్ర) పనితనం తెల్లారేసరికి చాలామందిలో అయిపోతుంది. ఒళ్లు బిగుసుకోవడం, అడుగు నేలకు అతుక్కుపోవడం ఆ వేళే ఎక్కువ. మాత్ర వేసుకున్నాక ముప్పావుగంటో గంటో ఆగి, ఒళ్లు తేలికపడ్డాకే గడప దాటాలి. ఐదున్నరకు నడవాలంటే నాలుగున్నరకల్లా మాత్ర పడాలన్నమాట. ఆ మార్పు మాత్రం డాక్టరుగారిని అడిగే చేయండి.

అది కుదరకపోతే ఇంట్లో ఫ్యాను కింద సైకిలు తొక్కినా తక్కువేం కాదు. నెదర్లాండ్స్‌లో 130 మందితో చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. ఇంట్లోనే వారానికి మూడుసార్లు చొప్పున ఆరు నెలలు సైకిలు తొక్కినవాళ్లలో, ఒళ్లు సాగదీసే కసరత్తులు మాత్రమే చేసినవాళ్లకన్నా కదలికల ఇబ్బంది తక్కువగా పెరిగింది.

ఈమధ్య ఉమ్మి శాంపిల్ పంపి తెప్పించుకున్న జీన్ రిపోర్టులు పట్టుకుని, ‘నాకు వ్యాయామం పడదట’ అనేవాళ్లు కనిపిస్తున్నారు. మనిషికీ మనిషికీ తేడా ఉన్నమాట నిజమే. అమెరికా, కెనడాల్లో జరిగిన హెరిటేజ్ అధ్యయనంలో, వ్యాయామం అలవాటు లేని ఆరోగ్యవంతులందరికీ 20 వారాలు ఒకే రకం శిక్షణ ఇచ్చారు. కొందరి దమ్ము బాగా పెరిగింది, కొందరిది పెరిగీ పెరగనట్టే ఉంది. ఒకే కుటుంబంలోని వాళ్ల ఫలితాలు దగ్గరదగ్గరగా వచ్చాయి కాబట్టి జీన్స్ పాత్ర ఉందని తేలింది. పార్కిన్సన్స్ తొలిదశలో ఉన్నవాళ్లను కొన్నేళ్లు గమనిస్తే కనబడింది ఇంకా ఆసక్తికరం: మతిమరుపు ముప్పును పెంచే ఏపీఓఈ4 అనే జీన్ రకం ఉన్నవాళ్లలో, చురుగ్గా తిరిగేవాళ్ల ఆలోచనాశక్తి నెమ్మదిగా తగ్గింది. అంటే ‘చెడ్డ’ జీన్ ఉందని కూర్చోవడం కాదు, లేచి నడవడమే వాళ్లకు ఎక్కువ అవసరం కావచ్చు. ఫలానా జీన్‌కు ఇన్ని నిమిషాలు అని కొలిచి చెప్పే రిపోర్టు ఇంకా రాలేదు. ఎవరైనా అలా చెప్పి అమ్ముతుంటే నేనైతే డబ్బులు పెట్టను.

రిపోర్టు పనికొచ్చేది, ఎక్కడ కన్నేసి ఉంచాలో చెప్పడానికి. జీబీఏ అనే జీన్‌లో మార్పు ఉన్నవాళ్లలో నిలబడితే బీపీ పడిపోవడం, తికమకపడటం ఎక్కువగా చూస్తుంటాం. పార్కిన్ జీన్ వల్ల చిన్న వయసులోనే జబ్బు వచ్చినవాళ్లకు కాస్త దూరం నడిచేసరికి కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోవచ్చు. అదేదో నరం పట్టేసిందని ఓర్చుకుంటూ నడవకండి, ఆగి డాక్టరుకు చెప్పండి. ఇక పార్కిన్సన్స్‌తో ముడిపడిన మరో జీన్ ఎల్ఆర్ఆర్‌కే2 గురించి నెట్‌లో చదివి టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట: ఆ రాతల్లో తరచూ కనిపించే జీ2019ఎస్ అనే మార్పు మన దేశంలో చాలా అరుదు.

ఏ జీన్ ఉన్నా లేకపోయినా బీపీ చూడటం తప్పదు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి చూడండి. పడుకున్నప్పటికన్నా పై అంకె 20 పాయింట్లు గానీ కింది అంకె 10 పాయింట్లు గానీ తగ్గిందంటే ఆ రోజు నిలబడి చేసే వ్యాయామం వద్దు. కళ్లు బైర్లు కమ్మకపోయినా సరే, వద్దు. ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గి ఈ పడిపోవడం ఇంకా పెరుగుతుంది. బీపీ మాత్రలు కూడా వాడుతుంటే ఈ అంకెలు రాసుకుని డాక్టరుకు చూపించండి.

చెమట సంగతీ గమనించాలి. వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ చెమటను తగ్గిస్తుంది. ‘మా నాన్నకు చెమటే పట్టదు, ఎండ బాగా తట్టుకుంటాడు’ అనుకుంటాం గానీ, వడదెబ్బ తొందరగా తగిలేది అలాంటివాళ్లకే. చేతికి కట్టుకున్న బ్యాండ్‌లో గుండె వేగాన్ని నమ్ముకోవద్దు, ఈ జబ్బులో కష్టపడుతున్నా వేగం పెరగకపోవచ్చు. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. మొదట్లో ఆ మోతాదు చాలు. గుండె వేగాన్ని దాని గరిష్ఠ వేగంలో 80–85 శాతానికి తీసుకెళ్లే కఠిన వ్యాయామం మీద మంచి పరిశోధన ఉంది, కానీ అందులో చేరినవాళ్లకు ముందే ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు.

నడుస్తూ నీళ్లు తాగితే పొలమారుతుంది. ఆగి, గడ్డం కాస్త కిందికి వంచి, గుక్కగుక్కగా తాగాలి. ఫోన్ మాట్లాడుతూ నడవొద్దు. ప్రొటీన్ పౌడర్ లెవోడోపాతో కలిపి తీసుకుంటే మాత్ర సరిగా ఒంటికి పట్టదు, రెండింటికీ ఎడం ఉండాలి. వేసవిలో ప్రయాణాల్లో మాత్రలు అయిపోకుండా వారానికి సరిపడా ఎక్కువే ఉంచుకోండి. ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు కర్రలా బిగుసుకుని తీవ్రమైన జ్వరం రావచ్చు. దాన్ని వడదెబ్బే అనుకుని ఇంట్లో తడిగుడ్డలతో తుడుస్తూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఏ మాత్ర ఎప్పటినుంచి ఆగిందో మొదటి మాటగా చెప్పండి.