గర్భిణి బరువు సరిగ్గా పెరుగుతోందా? లెక్క ఇలా రాసుకోండి

ప్రతి చెకప్‌లోనూ తూకం మిషన్ ఎక్కిస్తారు, కార్డు మీద ఓ అంకె వేసి పంపేస్తారు. ఆ అంకెలోంచి పోయినసారి అంకె తీసేసి చూసేవాళ్లు మాత్రం అరుదు. 45, 45, 45.5 అని వరసగా రాసి ఉన్న కార్డులు ఎన్ని చూశానో! ఐదో నెల నుంచి ఏడో నెల దాకా పెరిగింది అరకిలో, అయినా ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. తక్కువ ఆదాయ దేశాల్లో ఒక్క నర్సు ముందు బారెడు క్యూ ఉంటుంది కాబట్టి, తప్పు పూర్తిగా ఆమెదనీ అనలేను. అందుకే ఈ లెక్క గర్భిణి గానీ, ఆమె వెంట వెళ్లే మనిషి గానీ రాసుకోవాలి.

కావలసినవి తూకం మిషన్, కొలిచే టేపు, నోటుబుక్కు, పెన్ను. పెన్సిల్ వద్దు, దిద్దాలనే బుద్ధి పుడుతుంది. ఫోన్ యాప్ కూడా వద్దంటాను. తెరవగానే గర్భానికి ముందు బరువెంత అని అడుగుతుంది. అది తెలియకే కదా ఈ తిప్పలన్నీ!

మొదట తూకం. మిషన్ గట్టి నేల మీద ఉండాలి. ఎక్కేముందు సున్నా చూపిస్తోందో లేదో చూడండి. చెప్పులు, చేతిసంచి, ఫోన్ పక్కన పెట్టి, మూత్రానికి వెళ్లొచ్చి ఎక్కండి. ప్రతిసారీ అదే మిషన్, వీలైతే అదే పూట, దాదాపు అంతే బరువున్న బట్టలు. మిషన్ మారితే పక్కన ‘వేరే మిషన్’ అని రాయండి. రెండు మిషన్ల మధ్య కిలో తేడా మామూలే.

తర్వాత ఎత్తు. ఒక్కసారి చాలు. మడమలు, వీపు గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద గట్టి అట్ట అడ్డంగా పెట్టి గుర్తు గీసి కొలవండి. అడిగి రాసుకోవద్దు, కొలవాల్సిందే.

అందరూ బోల్తా పడేది ఆ తర్వాతే. అసలు మొదటి బరువు ఎంత?

ఎంత పెరగాలన్నది గర్భానికి ముందు బరువును బట్టి ఉంటుంది. ఆ బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన పట్టికనే చాలాచోట్ల వాడతారు. కడుపులో ఒక్క బిడ్డే ఉంటే, బీఎంఐ 18.5 కంటే తక్కువున్నవాళ్లు (బరువు తక్కువ గుంపు) మొత్తం 12.5 నుంచి 18 కిలోలు, 18.5–24.9 వాళ్లు (మామూలు గుంపు) 11.5 నుంచి 16, 25–29.9 వాళ్లు (అధిక బరువు గుంపు) 7 నుంచి 11.5, 30, ఆపైన ఉన్నవాళ్లు 5 నుంచి 9 కిలోలు పెరగాలి. కవలలైతే లెక్క వేరు, డాక్టర్నే అడగండి.

పట్టిక బాగానే ఉంది. కానీ చాలామంది మొదటిసారి ఆస్పత్రికి వచ్చేసరికే నాలుగో నెలో ఐదో నెలో నడుస్తుంటుంది. ముందు బరువెంత అంటే ‘యాభై ఉండేదాన్ని’ అంటారు. ఎప్పుడు చూసుకున్నావని అడిగితే పోయిన కాన్పప్పుడు అని తేలుతుంది! ఎప్పుడు, ఎక్కడ చూసుకున్నారో చెప్పలేని బరువును లెక్కలోకి తీసుకోకండి.

మొదటి మూడు నెలల్లోనే తూకం వేసి ఉంటే చింత లేదు. అప్పటిదాకా పెరిగేది అరకిలో నుంచి రెండు కిలోలే కాబట్టి దాన్నే మొదటి బరువు అనుకోవచ్చు. వేవిళ్లతో బాగా చిక్కిపోయినవాళ్లకు మాత్రం అలా కుదరదు.

ఆలస్యంగా వచ్చినవాళ్లకు కొందరు వెనక్కి లెక్క కడతారు. ‘ఇరవయ్యో వారం కదా, నాలుగు కిలోలు పెరిగి ఉంటుంది’ అని తీసేస్తారు. ఇది నాకు బొత్తిగా నచ్చదు. 150 సెంటీమీటర్ల ఎత్తున్న ఆమె ఇరవయ్యో వారంలో 45 కిలోలు ఉందనుకోండి. నాలుగు తీస్తే 41, బీఎంఐ 18.2. నిజంగా పెరిగింది ఒక్క కిలోయే అయితే ముందు బరువు 44, బీఎంఐ 19.6. పట్టికలో గుంపే మారిపోయింది. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. ఆమె సరిగ్గా పెరిగిందో లేదో తేల్చడానికి కూర్చుని, పెరిగిందని ముందే ఒప్పేసుకున్నాం.

నేను చేసేది ఇది. ఈ రోజు తూకాన్నే మొదటి గీతగా పెట్టుకుంటాను. మొత్తం ఎన్ని కిలోలన్న మాట పక్కన పెట్టి, ఇక్కడి నుంచి వారానికి ఎంత అన్నదే చూస్తాను. గుంపు తేల్చడానికి దండచేయి చుట్టుకొలత తీస్తాను, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో, చేయి వదులుగా వేలాడదీసి. గర్భంలో అది పెద్దగా మారదు. 23 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే బరువు తక్కువ గుంపులో వేసేస్తాను. ఒకవేళ పొరబడినా, కాస్త ఎక్కువ జాగ్రత్త తీసుకున్నట్టే అవుతుంది. టేపు చర్మాన్ని తాకాలి, బిగుసుకోకూడదు. ఎడమ చేయి అంటే చివరిదాకా ఎడమ చేయే.

ఇక తీసివేత. నాలుగో నెల నుంచి మామూలు బీఎంఐ వాళ్లు వారానికి 350 నుంచి 500 గ్రాములు, బరువు తక్కువున్నవాళ్లు 440 నుంచి 580, అధిక బరువు వాళ్లు 230 నుంచి 330, బీఎంఐ 30, ఆపైన ఉన్నవాళ్లు 170 నుంచి 270 గ్రాములు పెరగాలి. పెరిగిన గ్రాముల్ని మధ్యలో గడిచిన వారాలతో భాగించండి. ఒక్క వారం తగ్గిందని టెన్షన్ పడొద్దు, నాలుగు వారాల లెక్క చూడండి.

నాలుగు వారాల్లో ఏమీ పెరగకపోయినా, బరువు తగ్గినా తర్వాతి చెకప్ దాకా ఆగకండి. తిండి చాలట్లేదా, రక్తం తక్కువుందా, జబ్బేమైనా ఉందా అన్నది ఆస్పత్రి వాళ్లు చూడాలి. పోషకాహార లోపం ఎక్కువగా ఉన్నచోట గర్భిణులకు శక్తి, ప్రొటీన్ సమతూకంలో ఉన్న అదనపు ఆహారం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. మీ ఆస్పత్రిలో ఇస్తారేమో నోరు విప్పి అడగండి.

ఉన్నట్టుండి వారంలో కిలోకు పైగా పెరిగితే ఇంట్లో సంబరపడతారు. అది ఒంట్లో చేరిన నీరు కావచ్చు. ముఖం, చేతులు వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే వెళ్లి బీపీ చూపించుకోండి. గుర్రపువాతం (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే జబ్బు) అలాగే మొదలవ్వొచ్చు. బరువు మామూలుగా ఉందని బీపీ పరీక్ష ఎగ్గొట్టడమూ తప్పే, తూకం దానికి బదులు కాదు.

బరువు ఎక్కువగా పెరుగుతోందని ఎవరికి వారు తిండి మానేయడం కూడా చూశాను. గర్భంలో సన్నబడే ప్రయత్నాలు వద్దు, వేగం తగ్గించే దారి డాక్టరే చెప్పాలి.

కాన్పయ్యాక నోటుబుక్కు పారేయకండి. ఆరు నెలలకోసారి బరువు చూసి తేదీ వేసి రాయండి. మళ్లీ గర్భం వచ్చినప్పుడు మొదటి బరువు కోసం ఎవర్నీ అడగక్కర్లేదు.