అమెరికా ఉన్నతాధికారి జీవితచరిత్ర రాయడం: జార్జ్ షుల్జ్ ఉదాహరణగా

అమెరికా ప్రభుత్వంలో దీర్ఘకాలం పనిచేసిన వ్యక్తి జీవితచరిత్ర రాయదలచినవారు ముందుగా ఆయన పదవుల కాలక్రమాన్ని తేల్చుకోవాలి. 1920లో న్యూయార్క్‌లో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో మెరైన్ దళంలో పనిచేసి, ఎంఐటీలో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ పొందిన జార్జ్ షుల్జ్, అధ్యక్షుడు నిక్సన్ హయాంలో 1969లో కార్మిక మంత్రి, 1970లో బడ్జెట్ కార్యాలయ అధిపతి, 1972లో ఆర్థిక మంత్రి అయ్యారు. అధ్యక్షుడు రీగన్ హయాంలో 1982 నుంచి 1989 వరకు విదేశాంగ మంత్రిగా ఉన్నారు.

ఈ వివరాలు సులభంగానే దొరుకుతాయి. అసలు శ్రమ పెట్టవలసింది, ఒత్తిడి ఎదురైనప్పుడు ఆ అధికారి ఎలా నడుచుకున్నారో వెతకడంలో. నిక్సన్ రాజకీయ ప్రత్యర్థుల పేర్లున్న జాబితాను శ్వేతసౌధం 1972లో పన్నుల శాఖ కమిషనర్‌కు అందించి తనిఖీలు కోరింది. కమిషనర్ ఆ సంగతి షుల్జ్‌కు విన్నవించగా, ఏమీ చేయవద్దని ఆయన చెప్పారు. 1985లో అధికారులకు అబద్ధ నిర్ధారణ పరీక్షలు తప్పనిసరి చేయబూనినప్పుడు, తనపై నమ్మకం లేదన్న నాడు పదవి వదిలేస్తానని బహిరంగంగానే ప్రకటించారు. ఇలాంటి ఘట్టాలకు ఒక్కొక్క పేజీ కేటాయించినా తప్పులేదు.

మంత్రి నియామకానికి సెనేట్ (పార్లమెంటు ఎగువసభ) విచారణ జరిపి ఆమోదం తెలపాలి కాబట్టి, ఆ విచారణల లిఖితప్రతులను తప్పక చదవాలి. ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలమ్మి ఆ సొమ్మును నికరాగువా తిరుగుబాటుదారులకు మళ్ళించిన ఇరాన్-కాంట్రా వ్యవహారంపై 1987లో ఆయన కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ముందు ఇచ్చిన వాంగ్మూలాన్నీ అలాగే చూడాలి. ఆత్మకథలను మాత్రం ఇతరుల సాక్ష్యంతో సరిపోల్చిన తరువాతే వాడుకోవాలి.

వన్నె తగ్గించే విషయాలనూ దాచకూడదు. రక్తపరీక్షల సంస్థ థెరానోస్ బోర్డులో ఉన్న కాలంలో, అక్కడి లోపాలను ఎత్తిచూపిన సొంత మనవడి మాటను ఆయన తొలుత నమ్మలేదు.