ఫీజు రసీదు, ఇన్‌కమ్ ట్యాక్స్ – 3వ పాఠం: రసీదులో ఏ వరుస పనికొస్తుంది?

పోయిన పాఠంలో పాత పన్ను విధానానికీ కొత్తదానికీ తేడా చూశాం. ఈరోజు చెప్పేదంతా పాత విధానం ఎంచుకున్నవాళ్లకే. కొత్తదాంట్లో పిల్లల ఫీజుకు మినహాయింపు లేదు. లెక్క 2025-26 ఆదాయానిది.

కాలేజీ రసీదు ఒకటి ముందు పెట్టుకోండి. తాడిపత్రి నుంచి అనంతపురం వెళ్లి ఇంజినీరింగ్ చదివే అమ్మాయి రసీదు ఇలా ఉందనుకుందాం: ట్యూషన్ ఫీజు 48,000, డెవలప్‌మెంట్ ఫీజు 7,000, బస్సు 22,000. మొత్తం 77,000 కట్టాం కదా అని అదే రాసేయకండి. సెక్షన్ 80సి (కొన్ని పొదుపులు, ఖర్చులను పన్ను పడే ఆదాయంలోంచి తీసేయనిచ్చే సెక్షన్) కింద పనికొచ్చేది మొదటి వరుస ఒక్కటే. డెవలప్‌మెంట్ ఫీజు, డొనేషన్ కుదరవని చట్టంలోనే ఉంది. బస్సు, హాస్టల్, ఈఏపీసెట్ కోచింగ్ కూడా రావు. రసీదులో మొత్తం ఒకే అంకె వేసిచ్చారా? మొహమాటపడకుండా ఆఫీసుకెళ్లి విడివిడిగా రాయించుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం భరించింది తీసేయాలి, మీ జేబులోంచి పోయిందే లెక్క.

అసలు చిక్కు ఇక్కడుంది. 80సికి గరిష్ఠ పరిమితి 1,50,000. ఆ అమ్మాయి తండ్రి గవర్నమెంటు టీచరు అనుకోండి. జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) 60,000, ఏపీజీఎల్‌ఐ (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) 30,000 జీతంలోనే కోత పడుతున్నాయి. అవీ ఈ 1,50,000లోకే వస్తాయి. ఇక మిగిలింది 60,000. అమ్మాయికి 48,000, ఇంటర్ చదివే అబ్బాయికి 30,000 ట్యూషన్ ఫీజు కడితే 78,000 అవుతుంది. 18,000కు చోటు లేదు!

తల్లికీ ఉద్యోగం ఉండి, ఆమె 80సిలో ఖాళీ ఉంటే, అబ్బాయి ఫీజు ఆమె ఖాతా నుంచే కట్టాలి. ఎవరు కడితే మినహాయింపు వాళ్లకే. ఒకే డబ్బును ఇద్దరూ చూపకూడదు. ఒక్కొక్కరికి ఇద్దరు పిల్లల వరకే.

తండ్రి 20 శాతం శ్లాబులో ఉంటే 48,000 మీద 9,600, దానిపై 4 శాతం సెస్సు 384, కలిపి 9,984 రూపాయలు మిగులుతాయి. నన్నడిగితే, ఈమాత్రానికే పాత విధానంలోకి రావద్దు. రెండు విధానాల్లోనూ లెక్కేసి చూడండి. రిటర్న్ గడువు దాటితే పాతది ఎంచుకునే వీలే ఉండదు.

ఇంటిపని: మీ రసీదులో ట్యూషన్ ఫీజు చుట్టూ గీత గీయండి. పక్కన కట్టిన తేదీ రాయండి. ఏ సెమిస్టరు ఫీజైనా, మార్చి 31 లోపు కట్టిందే ఆ ఏడాదికి వస్తుంది.

వచ్చే పాఠం: ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ, సెక్షన్ 80ఇ. బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.